ఎనిమిది సెంట్ల ఇల్లు, ఇద్దరు మనుషులు

బండారులంకలో మా బాబాయిగారింటికి వెళ్ళినప్పుడల్లా పిన్ని తాళాల గుత్తి వెతుకుతూ కనపడుతుంది. గుత్తికి పదకొండు తాళంచెవులు. రోజూ పనికొచ్చేవి మూడు: వీధి తలుపుది, పెరటి తలుపుది, బీరువాది. మిగతా ఎనిమిదీ సంక్రాంతికే. పెద్దగది హైదరాబాదులో ఉండే పెద్దబ్బాయిది. మేడ మీద రెండు గదులూ అమెరికా వాళ్ళవి. వంటింటి పక్కది అమ్మాయి పురిటికొచ్చినప్పుడు వేయించింది. ఆ పురిట్లో పుట్టినవాడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరు, బాబాయికి 78, పిన్నికి 72. వాళ్ళు పడుకోవడం, తినడం, టీవీ చూడడం, మందుల డబ్బా పెట్టుకోవడం అన్నీ వసారా వెనక ఒక్క గదిలోనే. తతిమ్మా ఇల్లంతా ఊడవడానికే ఉంది.

మొన్న వేసవిలో వెళ్తే బాబాయి పాత డైరీలో లెక్కలు వేస్తున్నారు. కళ్ళజోడు పైకి తోసి, "ఇది అమ్మేసి అమలాపురంలోనో రాజమండ్రిలోనో రెండు గదుల ఫ్లాటు తీసుకుంటే ఎలాగుంటుందంటావురా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి పిన్ని, "ఆయ్, ముందు ఆ పైగది తాళం ఎక్కడ పెట్టారో చెప్పమను. తరవాత ఇల్లు అమ్ముదురుగాని" అంది.

కోనసీమలో ఇవాళ ఈ మాట నడవని పెద్ద ఇల్లు లేదు. పైకి ఇది గదుల లెక్కలా, ధరల లెక్కలా కనపడుతుంది. కొన్నాళ్ళుగా నలుగురి సంగతులూ విని, చట్టాలూ వడ్డీలూ కొంచెం తిరగేశాక నాకు తోచింది వేరు. ఇక్కడ తేలనిది ధర ఒక్కటే కాదు. ఆ ఇంటి మీద ఎవరి సంతకం చెల్లుతుంది, అమ్మాక వచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి అంతకంటే తేలనివి.

ముందు మాట దగ్గరే ఉంది చిక్కు. డౌన్‌సైజింగ్ అని ఇంగ్లీషు వాళ్ళు తేలిగ్గా అనేస్తారు. మనకి ఆ పనికి ముద్దుగా చెప్పుకోడానికి మాటే లేదు. ఉన్నది "అమ్మడం". అందులోనూ "ఫలానావారు ఇల్లు అమ్మారు" అంటే ఒక అర్థం, "ఇల్లు అమ్ముకున్నారు" అంటే ఇంకో అర్థం. ఆ "కున్నా"లో అప్పులున్నాయి, చెడిపోయిన కొడుకున్నాడు, పేకాట ఉంది. బాబాయి అమ్మితే ఊరు రెండో మాటే అంటుంది. పెన్షను వస్తోంది, అప్పు లేదు, పిల్లలు స్థిరపడ్డారు, అయినా సరే. ఆ భయంతోనే పదేళ్ళు వాయిదా పడ్డ ఇళ్ళు నాకు తెలిసినవే నాలుగైదున్నాయి. మోకాళ్ళు పట్టేశాక, ఇక తప్పనిసరై, వచ్చిన ధరకి అమ్మారు. అప్పుడు నిజంగానే అమ్ముకున్నట్టయింది.

బండారులంక ఇళ్ళకి ఇంకో సంగతి ఉంది. బయటివాళ్ళకి ఈ ఊరంటే నూలు చీర. చేనేత కుటుంబాల్లో ఇల్లు కట్టేటప్పుడు ముందు మగ్గానికి చోటు చూసుకునేవారు, మనుషులకి తరవాత. ఇంటి ముందు భాగం గుంట మగ్గాలది. నేతగాడు నేలమట్టానికి కూర్చుని కాళ్ళు గుంటలోకి దించి తొక్కుళ్ళు తొక్కుతాడు. పక్కన కండెలు చుట్టడానికి ఆడవాళ్ళకి జాగా, సామాను పెట్టుకోడానికి అటక, పడుగు సాపడానికి వీధి. కాబట్టి ఆ ఇంటి వైశాల్యం సగం బతుకుతెరువే. మోకాళ్ళు, కళ్ళు సహకరించక మగ్గం ఆగిపోతే ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. మా పక్క వీధిలో ఒకాయన మగ్గం విప్పేసి నాలుగేళ్ళయింది, గుంట మాత్రం పూడ్చలేదు. వానాకాలం ఊట నీరు చేరుతుంది, తోడి పోస్తాడు. "పూడ్చి గచ్చు చేయించుకుంటే మంచం పడుతుంది కదండీ" అన్నాను. "పడుతుంది" అన్నాడు. అంతే. ఇలాంటివాళ్ళకి ఫ్లాటు సంగతి చెప్పబోతే మొదటి ప్రశ్నే మగ్గం ఎక్కడ పెట్టాలని. మూడో అంతస్తులో గుంట తవ్వలేం. నేతవారికి యాభై ఏళ్ళకే వచ్చే ప్రభుత్వ పింఛను, 2024 జులై నుంచి నెలకి 4,000, పూట గడవడానికి ఆసరా. ఇల్లు మార్చడానికి చాలదు.

కోనసీమలో పెద్ద ఇళ్ళు ఎందుకు పుట్టాయో అందరికీ తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట తెచ్చిన పంట, కొబ్బరి, ఉమ్మడి కాపురాలు. మండువా లోగిలి, టేకు స్తంభాలు, వీధి అరుగు అన్నీ పదిహేనుమంది తినే ఇంటి అవసరాలు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చాలా పెంకుల్నీ చాలా తోటల్నీ ఎత్తుకుపోయింది. తరవాత ఎవరికి వీలున్నంతలో వారు శ్లాబు వేశారు. బాబాయి కూడా 1998లో పాత పెంకుటింటి వెనక్కి శ్లాబు భాగం, దాని మీద రెండు గదులు వేయించారు. ఇంకోసారి గాలొస్తే పిల్లలకి గట్టి కప్పు ఉండాలని. గాలి వచ్చింది గాని పిల్లల్ని తీసుకెళ్ళింది. పెద్దాడు 2001లో, రెండోవాడు 2006లో వెళ్ళిపోయారు. రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7కి తగ్గారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత తేల్చింది. అంటే ఈ ఇళ్ళలోకి తిరిగొచ్చే జనం పుట్టనే లేదు. కేరళలో ఈ కథ మనకంటే ముందే జరిగింది. 2011 జనగణన నాటికే అక్కడ సుమారు పదిళ్ళకొకటి ఖాళీ. జపాన్‌లో 2023 లెక్కకి ఖాళీ ఇళ్ళు 90 లక్షలు, మొత్తంలో 13.8 శాతం. పల్లెల్లో ఊరికే ఇస్తామన్నా తీసుకునే దిక్కు లేనివి వాటిలో ఉన్నాయి.

ఇక ధర సంగతి. మార్కెట్ ఎటు పోతుందో తెలియడం లేదని అందరూ అంటారు. హైదరాబాదులో ఫ్లాటుకి మార్కెట్ ఉంది, అది పెరుగుతుంది, తగ్గుతుంది. పల్లెటూళ్ళో పాత ఇంటికి మార్కెట్ అనేది లేదు. కొనేవాళ్ళుంటారు, అదీ ముగ్గురే: గోడ కలిసిన పొరుగువాడు, పాలివాడు, లేదా విదేశాల నుంచి డబ్బు పంపుతూ ఊళ్ళో స్థలం వెతుకుతున్నవాడు. ముగ్గురూ సెంట్లే చూస్తారు. ఎనిమిది సెంట్లంటే 387 గజాలు, ఇంత గజం అని కట్టి, ఇల్లు పడగొట్టే ఖర్చు అందులోంచి తీస్తారు. యాభై ఏళ్ళు సున్నం వేసి కాపాడిన గోడలు లెక్కలో అప్పు కింద తేలతాయి. కాస్తో కూస్తో విలువ ఉంటే టేకు దూలాలకీ చెక్కిన ద్వారబంధాలకీ ఉంటుంది. అవి పాతకలప వ్యాపారి పట్టుకెళ్తాడు, ఏ రిసార్టులోనో నిలబెడతారు.

ఆశల ధర ఒకటి వేరే ఉంది. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి. లోక్‌సభ స్పీకరుగా బాలయోగి పట్టుబట్టి తెచ్చిన లైను అది. 2002లో ఆయన పోయారు. రైలొస్తుందని అప్పుడు పెంచిన ధర అమ్మేవాళ్ళ నోట్లో అలాగే ఉంది, కొనేవాళ్ళ నోట్లోకి రాలేదు. 2022 ఏప్రిల్లో అమలాపురం జిల్లా కేంద్రం కాగానే ఇంకోసారి పెంచారు. అదే జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకల్ని ముంచింది. ఆ నెలంతా స్థలాల మాట ఎత్తినవాడు లేడు. 1995లో పాశర్లపూడిలో 65 రోజులు మండిన బావి, 2014లో నగరం అనే ఊళ్ళో పేలిన గ్యాసు పైపు గుర్తున్నవాళ్ళు పైపులైను పక్క స్థలానికి ధర అడగరు, దారి అడుగుతారు. వీటి మీద రాజధాని ఆటుపోట్లు. అమరావతి వైపు డబ్బు పోతే ఇక్కడ చేతులు ముడుచుకుంటారు, అక్కడ ఆగితే ఇక్కడ కదులుతారు. 2023 చివర్లో అమల్లోకొచ్చి 2024లో రద్దయిన భూహక్కుల చట్టం గొడవలో కొన్ని నెలలు బయానాలే ఆగిపోయాయి.

అమ్మేదీ కొనేదీ ఒకే గాలికి ఊగితే పెద్ద నష్టం లేదు. తక్కువకి అమ్మి తక్కువకి కొంటాం. పెద్దవాళ్ళని ముంచేది ఆ రెంటి మధ్య ఉండే కాలం. పల్లెలో ఇల్లు అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పట్టొచ్చు, పట్నంలో నచ్చిన ఫ్లాటు రెండు వారాలు ఆగదు. ఆ కంగారులో ఫ్లాటుకి ముందే అడ్వాన్సు ఇచ్చి, ఇల్లు అమ్మడానికి తొందరపడి, ఆ తొందర వాసన పట్టిన కొనుగోలుదారు చేతిలో పడతారు. మా దూరపు బంధువు ఒకాయన అలాగే పడ్డారు. కొనేవాడు రెండు లక్షలు బయానా ఇచ్చి ఆరు నెలల గడువు రాయించుకున్నాడు. అయిదో నెలలో "ధరలు పడిపోయాయండి" అంటూ వచ్చాడు. ఫ్లాటు బిల్డరేమో రెండో వాయిదా కోసం ఫోను మీద ఫోను. పెద్దాయన ఆరు లక్షలు తగ్గించి సంతకం పెట్టేశారు. ఇల్లు అమ్మి డబ్బు బ్యాంకులో పడేదాకా ఇంకోటి కొనకండి, మధ్యలో ఆరు నెలలు అద్దెకుండండి అని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

అయితే ఆ అద్దె మాట అనడం తేలిక. డెబ్భై దాటిన దంపతులకి అద్దెకివ్వడానికి మన ఇళ్ళవాళ్ళు జంకుతారు. పైకి చెప్పరు, "మా బంధువులొస్తున్నారండి" అంటారు. లోపలి భయం చావు. ఇంట్లో పోతే ఏ నక్షత్రమో, ధనిష్ఠా పంచకమైతే ఇల్లు నెలల తరబడి మూసేయాలని నమ్మేవాళ్ళు ఇప్పటికీ బోలెడుమంది. చదువుకున్నవాళ్ళుండే పట్టణాల్లోనూ ఈ కారణంగా వాటా దొరకని పెద్దవాళ్ళున్నారు. సొంతిల్లు వదలొద్దని పిన్ని పట్టుబట్టడంలో మమకారం ఎంతుందో ఇదీ అంతే ఉంది. "ఎవరి గుమ్మంలోనో పోవడం నాకిష్టం లేదురా" అని ఒకసారి అననే అంది.

అమ్మాలంటే సంతకాలు కావాలని మొదట్లోనే అన్నాను. బాబాయి ఇల్లు తాతగారిది. 1974లో అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆయన వాటాకొచ్చింది. ఆయన దృష్టిలో అది ఆయన ఇల్లు. చట్టం దృష్టిలో పిత్రార్జితం, పిల్లలకీ వాటా ఉంది, కూతురికి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, తండ్రి అప్పటికి బతికుండాలన్న షరతేదీ లేదనీ, అది పుట్టుకతో వచ్చే హక్కనీ తేల్చింది. కాబట్టి కొనేవాడి లాయరు మొదటి రోజే ముగ్గురి సంతకాలూ అడుగుతాడు. అమెరికా అబ్బాయి కాన్సులేటుకెళ్ళి పవర్ రాసి పంపాలి. అమ్మాయి సంతకం ఇవ్వననదు, కానీ "నాన్నా, నా గది కూడానా?" అంటుంది. దాంతో ఆయన డైరీ మూసేస్తారు.

ఇంకా కిందికి వెళ్తే స్థలమే గ్రామకంఠం. తరాలుగా ఉంటున్నారు, ఇంటిపన్ను రసీదులున్నాయి, కరెంటు బిల్లు ఉంది, సర్వే నంబరు మాత్రం ఊరంతటికీ ఒక్కటే. పంచాయతీ రసీదు హక్కుపత్రం కాదు. కొనేవాడికి బ్యాంకు అప్పు కావాలంటే లింకు దస్తావేజులు, ఈసీ అడుగుతారు, ఇక్కడ ఆ గొలుసు సగంలో తెగిపోతుంది. ఊళ్ళ నివాస స్థలాలకి డ్రోనుతో కొలిచి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్లో మొదలైంది ఇందుకే. రుణం మీద కొనేవాళ్ళు తప్పుకుంటే మిగిలేది నగదు తెచ్చేవాడు. వాడు "కొంత తెల్ల, కొంత నల్ల" అంటాడు. 2015 జూన్ నుంచి స్థలం బేరంలో 20,000 గాని అంతకు మించి గాని నగదు పుచ్చుకోవడం చట్టరీత్యా తప్పు. తప్పొప్పులు పక్కన పెట్టినా, ఇద్దరు ముసలివాళ్ళున్న ఇంట్లో బీరువాలో పాతిక లక్షలు పెట్టుకుని పడుకోమని ఏ కొడుకూ సలహా ఇవ్వకూడదు. ఇస్తున్నారు.

సరే, అన్నీ దాటి అమ్మారనుకుందాం. ఎక్కడికి వెళ్తారు?

ఫ్లాటుకి. రాజమండ్రిలో 45 లక్షల ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషనుకే ఏడున్నర శాతం, 3,37,500. కడుతున్న భవనంలోదైతే జీఎస్టీ అదనం. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుతో చేతికొచ్చే భూమి ముప్పై నలభై గజాల అవిభాజ్య వాటా. 387 గజాలిచ్చి ముప్పై అయిదు తెచ్చుకున్నట్టు. పెరిగేది భూమి, తరిగేది కట్టడం అని మనవాళ్ళకి తెలియంది కాదు. అందుకే ఫ్లాటుని ఆస్తిలా కాక సౌకర్యంలా కొనాలి: లిఫ్టు, గుమ్మం ముందు ఆసుపత్రి, రాత్రి పిలిస్తే పలికే పక్కవాటా. ఈ మూడూ ఉంటే డబ్బు దండగ కాదు. లిఫ్టు లేని మూడంతస్తుల్లో చవగ్గా వచ్చిందని రెండో అంతస్తు కొన్నవాళ్ళు, ఆ మెట్లకి భయపడి గుడికి వెళ్ళడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఇల్లు చిన్నదవలేదు, వాళ్ళ ఊరు చిన్నదైంది.

పిల్లల దగ్గరికి వెళ్ళడం మీద ఎక్కువ చెప్పను. హైదరాబాదులో కొడుకు ఇంట్లో బాబాయి నెల్లాళ్ళున్నారు. పదకొండో అంతస్తు. పొద్దున్న అయిదింటికి లేచి ఎవరి నిద్ర పాడవుతుందోనని ఏడు దాకా మంచం మీదే కూర్చునేవారట.

అన్నీ చూసుకునే రిటైర్మెంటు కాలనీలు కోయంబత్తూరు చుట్టూ బాగా పెరిగాయి, హైదరాబాదు శివార్లకీ వచ్చాయి. కేంద్రం 2019లో వీటికి నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. చేరేముందు వంటగది కంటే ముందు చూడాల్సింది బయటికొచ్చేటప్పుడు డిపాజిట్ ఎంత, ఎన్నాళ్ళకి ఇస్తారన్న పేరా. భోజనం రుచి నాల్రోజులకి అలవాటవుతుంది.

అమ్మకుండానే ఇంటి మీద నెలనెలా డబ్బు తెచ్చుకునే దారి మన దేశంలోనూ ఉంది. రివర్స్ మార్ట్‌గేజ్‌ని 2007 బడ్జెట్లో ప్రకటించారు, జాతీయ గృహనిర్మాణ బ్యాంకు నియమాలు రాసింది. అరవై దాటినవాళ్ళు సొంతంగా ఉంటున్న ఇంటిని బ్యాంకుకి పెడితే బ్యాంకే నెలనెలా ఇస్తుంది. భార్యాభర్తలిద్దరూ పోయేదాకా ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఇల్లు స్వార్జితమై ఉండాలి, హక్కు స్పష్టంగా ఉండాలి, కట్టడానికి ఇంకో ఇరవై ఏళ్ళ ఆయువుండాలి. పిత్రార్జితం, గ్రామకంఠం, పెంకుటిల్లు. బాబాయి మూడింటిలోనూ తప్పారు. కోనసీమ పల్లెల్లో నూటికి ఎందరు నెగ్గుతారో మీరే ఊహించుకోండి. ఫ్రాన్సులో ఇదే పని మనిషికీ మనిషికీ మధ్య జరుగుతుంది. 1965లో తొంభై ఏళ్ళ జాన్ కల్మాన్ అనే ఆవిడకి నెలకి 2,500 ఫ్రాంకులిస్తానని, ఆమె పోయాక ఇల్లు తనదని నలభై ఏడేళ్ళ నోటరీ ఒప్పందం రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళు కట్టి 1995లో ఆయనే పోయాడు. మిగతాది ఆయన భార్య కట్టింది. 1997లో 122వ ఏట కల్మాన్ కన్నుమూసింది. ఈ కథ చెబితే పిన్ని చాలాసేపు నవ్వి, "అలాంటి నోటరీ మన అమలాపురంలో దొరకడా?" అంది. సింగపూరులో ఆ నోటరీ పాత్ర ప్రభుత్వమే వేసింది. 2009 నుంచి పెద్దవాళ్ళు తమ ప్రభుత్వ ఫ్లాటు లీజులో చివరి ఏళ్ళని గృహ మండలికే తిరిగి అమ్మి, అదే ఇంట్లో ఉంటూ ఆ డబ్బుని పింఛనుగా తీసుకోవచ్చు. ఆస్ట్రేలియా 2018 నుంచి, పెద్ద ఇల్లు అమ్మిన వాళ్ళు మూడు లక్షల డాలర్ల దాకా పదవీ విరమణ నిధిలో వేసుకోనిస్తోంది. మన దగ్గర అమ్మిన డబ్బుకి దిక్కు పోస్టాఫీసే, అది తక్కువదేమీ కాదు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేయొచ్చు. 2023 ఏప్రిల్లో ఇచ్చిన 8.2 శాతం ప్రకారం 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. పట్టణాల్లో ఇంటి అద్దె దాని విలువలో ఏడాదికి రెండు మూడు శాతమే కాబట్టి, అద్దెకి దొరికితే, లెక్క ప్రకారం అమ్మి అద్దెకుండడమే లాభం. ఆ "దొరికితే" దగ్గరే ఆగిపోతున్నాం.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. 2024 జులై 23 తరవాత పాత ఇల్లు అమ్మితే లాభం మీద 12.5 శాతం, లేదా ధరల సూచీ కలిపి 20 శాతం, ఏది తక్కువైతే అది ఎంచుకునే వీలు దేశంలో ఉండే వ్యక్తులకుంది. అమెరికా అబ్బాయి వాటాకి ఆ వీలు లేదు. అమ్మిన రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొంటే, కొన్నంత మేరకి లాభం మీద పన్ను ఉండదు. చిన్న ఇంటికి మారేవాళ్ళకి సహజంగానే కొంత మిగిలిపోతుంది, దానికి ఆరు నెలల్లోగా ప్రత్యేక బాండ్లు కొనాలి, అయిదేళ్ళు కదపకూడదు. 78 ఏళ్ళాయనకి అయిదేళ్ళు. పైగా కొత్త ఫ్లాటుని మూడేళ్ళలోపు అమ్మేస్తే మినహాయింపు పోతుంది, అంటే నచ్చకపోతే వెనక్కి రావడానికి కూడా సుంకం ఉంది. ఫ్లాటు సొంత పేరునే కొనాలి. "ఎలాగూ వాడిదేగా" అని కొడుకు పేర కొని పన్ను నోటీసు అందుకున్నవాళ్ళున్నారు.

ఆ "ఎలాగూ వాడిదేగా" అన్న మాటే అసలు ప్రమాదం. కోనసీమలో పెద్దవాళ్ళు ఇల్లు పోగొట్టుకునేది మార్కెట్ వల్ల తక్కువ, దఖలు దస్తావేజు వల్ల ఎక్కువ. బతికుండగానే రాసిస్తే పిల్లలు చూస్తారని ఆశ. చూసేవాళ్ళు రాయకపోయినా చూస్తారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం చూసుకుంటాననే షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజుని ఆర్డీవో ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు, లాయరు కూడా అక్కర్లేదు. షరతు ఉందో లేదో అన్నదే ఇన్నాళ్ళూ గొడవ. మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఊర్మిలా దీక్షిత్ అనే తల్లి 2019లో కొడుక్కి ఇల్లు రాసిచ్చింది, చూసుకుంటానని అతను వేరే కాగితం రాసిచ్చాడు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ దానపత్రాన్ని రద్దు చేసి ఇల్లు తల్లికి తిరిగి ఇప్పించింది. బాగానే ఉంది. కానీ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగ్గలిగిన తల్లులు ఎందరు? రాయదలిస్తే వీలునామా రాయండి, అది ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దఖలే రాయక తప్పదంటే బతికున్నంతకాలం ఇద్దరం అందులోనే ఉంటామనీ, పోషణ మీదేననీ అదే కాగితంలో, అదే సంతకం పైన ఉండాలి.

ఇంతసేపూ వదిలేసిన దారి ఒకటుంది. నా మటుకు నాకు ఇదే అన్నిటికంటే నచ్చింది. ఎవరూ దీన్ని ప్రకటనల్లో వేయరు, ఎందుకంటే ఇందులో కమీషను లేదు. ఊరు మారకుండా, ఇల్లు అమ్మకుండా, ఉన్న చోటే తగ్గడం. వాటాలు వేసి అద్దెకివ్వడం మనకి పాత విద్యే. అమలాపురంలో మెడికల్ కాలేజీ ఉంది, బ్యాంకులున్నాయి, బదిలీ మీద వచ్చే టీచర్లున్నారు. మేడకి బయటి నుంచి మెట్లు పెడితే పైన ఒక కుటుంబం ఉంటుంది. అద్దె కంటే ముఖ్యం, రాత్రి కరెంటు పోతే పైనుంచి ఒక గొంతు పలుకుతుంది. ఇంకా సత్తువుంటే పెరట్లో నాలుగువందల యాభై అడుగుల్లో ఒక గది, వంటగది, గడప లేని స్నానాలగది, గోడకి పట్టుకునే కమ్మీ. మేస్త్రి పది లక్షల లోపని చెప్పాడు. అదయ్యాక పాత పెంకుటిల్లు పడగొట్టాలో, ఉంచాలో, ఆ ముక్క పొరుగాయనకి అమ్మాలో నిదానంగా చూసుకోవచ్చు. ధర కోసం ఎదురుచూసే ఓపిక సొంత కప్పు కింద ఉన్నవాడికే ఉంటుంది.

ఇది చెబితే బాబాయి ఒక్క అభ్యంతరం చెప్పారు. "ఈ వయసులో ఫలానాయన పెరట్లో చిన్నిల్లు పెట్టాడంటార్రా." పిన్ని పకపకా నవ్వింది. తరవాత ఇద్దరూ పెరట్లోకెళ్ళి టేపు పట్టుకున్నారు. కొలిస్తే రెండు కొబ్బరిచెట్లు అడ్డొచ్చాయి, తుపానుకి ఆగిన చెట్లు. కొట్టనివ్వనని పిన్ని అంది. నాలుగడుగులు ఇటు జరిపితే నుయ్యి అడ్డం. చివరికి గది పొడుగు తగ్గించి, చెట్లకీ నూతికీ మధ్య సందులో సరిపెట్టి, బొగ్గుతో గోడ మీద గీత గీశారు.

వచ్చేస్తుంటే పిన్ని వసారాలో కూర్చుని గుత్తి విప్పి తాళంచెవుల్ని రెండుగా వేరు చేస్తోంది. ఒక ఎర్రదారానికి మూడు, ఒక తెల్లదారానికి ఏడు. పైగదిది ఇంకా దొరకలేదు.